పాత చిరునామాకొచ్చినా... సరుకందాలి!

ఊరు కదలదు, జిల్లా మారుతుంది. కొట్టు కదలదు, వెబ్‌సైట్‌లో అరలు మారతాయి. మార్పు జరిగిన ప్రతిసారీ పాత చిరునామా పట్టుకుని వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరిగిపోకుండా చూసే ఏర్పాటు ఒకటుంది. చూడ్డానికి నాలుగు వరసల నియమాలే. కానీ చిన్న ఊళ్ల నుంచి నెట్‌లో వ్యాపారం చేసేవాళ్లకి లాభమైనా నష్టమైనా వాటి దగ్గరే మొదలవుతుంది!

2022 ఏప్రిల్ 4. ఆరోజు రేపల్లె అంగుళం కూడా జరగలేదు. రైల్వేస్టేషను అక్కడే ఉంది, బజారు అక్కడే ఉంది. కానీ ఊరి చిరునామా మారిపోయింది. అప్పటిదాకా గుంటూరు జిల్లా, ఆరోజు నుంచి బాపట్ల జిల్లా. రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయిన రోజది. అంతకుముందు ఒకే జిల్లాలో ఉన్న మూడు ఊళ్లలో బాపట్ల తానే జిల్లా కేంద్రమైంది. రేపల్లె దాని వెంట వెళ్లింది. తెనాలి మాత్రం గుంటూరుతోనే ఉండిపోయింది.

మరి 'రేపల్లె, గుంటూరు జిల్లా' అని రాసిన ఉత్తరం సంగతేంటి? దానికేం ఢోకా లేదు. కింద 522265 అని ఆరంకెలుంటే చాలు, జిల్లా పేరు పాతదైనా ఉత్తరం దారి తప్పదు. 1972 ఆగస్టు 15న దేశంలో మొదలైన పిన్‌కోడ్ గొప్పతనం అదే. జిల్లాలు చీలినా, రాష్ట్రాలు విడిపోయినా ఆ అంకెల పని అవి చేసుకుపోతాయి. పైగా పోస్ట్‌మ్యాన్ మనిషి. 'ఓహో, ఫలానావాళ్లా... వాళ్లు పక్క వీధికి మారారు కదా' అని గుర్తుపెట్టుకుని మరీ తెచ్చిస్తాడు.

ఇంటర్నెట్‌లో ఆ మొహమాటాలేం ఉండవు. అక్కడ అడిగింది అడిగినట్టు ఉంటేనే ఇస్తారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా 'మీరు అడిగిన పేజీ లేదు' అని చెప్పి తలుపేసేస్తారు. తెరమీద కనిపించే ఆ 404 అనే అంకెకి అర్థం అదే. కొట్టు ఉంది, సరుకు ఉంది, కొనడానికి మనిషి వచ్చాడు. అయినా బేరం జరగలేదు. ఎందుకంటే ఆయన చేతిలో ఉన్నది నిరుటి చిరునామా!

అరలు సర్దితే అమ్మకాలు పడిపోయాయి!

ఉదాహరణకి తెనాలిలో ఓ కుటుంబం నడిపే ఆన్‌లైన్ కొట్టుని ఊహించుకోండి. తెనాలి మినపగుళ్లు, దుగ్గిరాల పసుపు, బాపట్ల వైపు నుంచి బియ్యం, వేటపాలెం జీడిపప్పు, రేపల్లె దగ్గరి నిజాంపట్నం నుంచి ఎండురొయ్యలు... ఇవీ వాళ్ల సరుకులు. వెబ్‌సైట్ పెట్టినప్పుడు ఏ ఊరి సరుకు ఆ జిల్లా కింద పెట్టారు. 'గుంటూరు/రేపల్లె/ఎండురొయ్యలు' అన్నమాట. జిల్లాలు మారాక, ఇంట్లో కంప్యూటర్ చదువుకున్న పిల్ల 'నాన్నా, మన సైట్‌లో ఇంకా పాత జిల్లాలే ఉన్నాయి' అని ఒక ఆదివారం కూర్చుని అన్నీ సర్దేసింది. 'బాపట్ల/రేపల్లె/ఎండురొయ్యలు' అయింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సోమవారం నుంచి ఆర్డర్లు తగ్గడం మొదలుపెట్టాయి.

ఏం జరిగింది? హైదరాబాద్‌లో ఉన్న ఒకామె అమెరికాలోని అక్కయ్యకి వాట్సాప్‌లో పంపిన లింకు పాతది. పొట్లాల మీద అచ్చువేయించిన క్యూఆర్ కోడ్ పాతది. గూగుల్‌లో 'ఎండురొయ్యలు' అని వెతికితే పైన వచ్చేది పాతది. వంటల గురించి రాసే ఎవరో తమ పేజీలో ఇచ్చిన లింకూ పాతదే. ఇవేవీ కొట్టువాళ్ల చేతిలో ఉన్నవి కావు. ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాక తిరిగి తీసుకోలేనట్టే, జనంలోకి వెళ్లిన చిరునామాని కూడా వెనక్కి పిలవలేం.

అలాగని అరలు ఎప్పటికీ సర్దుకోకూడదని కాదు. సర్దుకోవచ్చు. కాకపోతే పాత అర దగ్గరికి వచ్చినవాళ్లకి కొత్త అర చూపించే మనిషినొకణ్ని అక్కడ నిలబెట్టాలి. నెట్‌లో ఆ పని చేసేవే యూఆర్‌ఎల్ రీరైటింగ్, దారిమార్పు నియమాలు. రెండూ ఒకచోటే రాస్తారు. కానీ చేసే పని వేరు.

బీపీటీ 5204 అంటే... సాంబ మసూరి!

మొదటిది రీరైటింగ్. దీన్ని అర్థం చేసుకోవడానికి బాపట్ల బియ్యాన్ని మించిన ఉదాహరణ లేదు. బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో ఓ వరి వంగడం విడుదలైంది. శాస్త్రవేత్తలు దానికిచ్చిన గుర్తు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. రైతుల నోట అది 'బీపీటీ'. కొట్లో మాత్రం ఎవరూ '5204 పాతిక కిలోలు కట్టండి' అనరు. 'సాంబ మసూరి ఉందా బాబాయ్' అంటారు. లోపల ఖాతా పుస్తకంలో అంకె, బయట జనం నోట పేరు. ఆ రెంటినీ కలిపేది గల్లాపెట్టె దగ్గర కూర్చున్న గుమస్తా.

ఆన్‌లైన్ కొట్టు లోపల కూడా ప్రతి సరుకుకీ ఒక అంకె ఉంటుంది. ఏ ఏర్పాటూ చేయకపోతే చిరునామా 'ఐటెమ్.పీహెచ్‌పీ?ఐడీ=5204' అని కనిపిస్తుంది. కంప్యూటర్‌కి అది చాలు. మనిషికి చాలదు. ఫోన్లో చెప్పలేం, గుర్తుపెట్టుకోలేం, లింకు చూస్తే లోపల బియ్యం ఉందో బెల్లం ఉందో తెలీదు. అదే 'బియ్యం/సాంబ-మసూరి' అని ఉంటే చూడగానే అర్థమవుతుంది. రీరైటింగ్ నియమం చేసేదల్లా ఇదే. బయట నుంచి 'సాంబ-మసూరి' అని వచ్చిన మాటని లోపల '5204' కింద మార్చి సర్వర్‌కి అందిస్తుంది. కొనేవాళ్లకి ఈ మార్పు కనబడదు. వాళ్ల తెరమీద చక్కటి పేరే ఉంటుంది.

వెబ్ సర్వర్లలో బాగా పేరున్న అపాచీ 1995లో వచ్చింది. రాల్ఫ్ ఎంగెల్‌షాల్ అనే జర్మన్ ప్రోగ్రామర్ 1996లో ఈ పనికోసం ప్రత్యేకంగా ఒక భాగం రాసి, మరుసటి ఏడాది దాన్ని అపాచీ బృందానికి ఉచితంగా ఇచ్చేశాడు. దాని పేరు 'మాడ్ రీరైట్'. రష్యాకి చెందిన ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన 'ఎంజిన్ ఎక్స్' సర్వర్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. నియమాలు రాసే తీరు మాత్రం వేరు. అందుకే ఒకదానికోసం రాసింది తెచ్చి రెండోదాంట్లో అతికిస్తే పనిచేయదు.

నియమం ఎలా ఉంటుందంటారా? తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: 'వచ్చిన చిరునామా బియ్యం అన్న మాటతో మొదలై, గీత తర్వాత కొన్ని అక్షరాలుంటే, ఆ అక్షరాల్ని పట్టుకో. లోపలి పేజీకి వాటిని అందించు. ఇక కింద నియమాలు చూడనక్కర్లేదు'. అంతే. మూడు ముక్కలు... ఏది వస్తే, ఎక్కడికి పంపాలి, పంపాక ఆగాలా వద్దా. వెయ్యి రకాల సరుకులున్నా వెయ్యి నియమాలు అక్కర్లేదు. ఒక్క నమూనా సరిపోతుంది.

తెనాలిలో బండి మారాలి

రెండోది దారిమార్పు. ఇది గుట్టుగా జరిగేది కాదు. పాత చిరునామాకి వచ్చినవాళ్లకి సర్వర్ 'మీరడిగింది ఇక్కడ లేదు, ఫలానా చోట ఉంది' అని చెబుతుంది. బ్రౌజర్ ఆ కొత్త చోటికి వెళ్తుంది. తెరమీది చిరునామా కూడా మారుతుంది. మన ఎండురొయ్యల కొట్టుకి కావాల్సింది ఇదే. 'గుంటూరు/రేపల్లె'తో ఏది మొదలైనా 'బాపట్ల/రేపల్లె'కి పంపు అని ఒక్క వరస రాస్తే, ఆ ఊరి సరుకులన్నీ మళ్లీ దొరుకుతాయి.

ఇక్కడే చాలామంది ఓ తప్పు చేస్తారు. రేపల్లె నుంచి బాపట్లకి రైల్లో వెళ్లాలంటే తెనాలి జంక్షన్‌లో దిగి బండి మారాలి. ఒక్కసారి మారడం పర్వాలేదు. అదే నాలుగుచోట్ల మారమంటే 'ఈ ప్రయాణం వద్దులే' అనిపిస్తుంది. సైట్ సర్దిన ప్రతిసారీ పాత నియమం మీద కొత్త నియమం పేర్చుకుంటూ పోతే సరిగ్గా అదే జరుగుతుంది. మొదటి చిరునామా రెండోదానికి, రెండోది మూడోదానికి, మూడోది నాలుగోదానికి... సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్లో ప్రతి మలుపూ ఆలస్యమే. గూగుల్ తరఫున పేజీలు చదివే ప్రోగ్రాం కూడా పది మలుపులదాకా చూసి ఇక ఆగిపోతుంది. అందుకే కొత్త నియమం రాసినప్పుడల్లా పాతవాటినీ సవరించి, అన్నీ నేరుగా చివరి చోటికే చేరేలా చూసుకోవాలి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఒక నియమం తెనాలి నుంచి రేపల్లెకి పంపుతుంది. ఇంకో నియమం, ఎప్పుడో రాసి మర్చిపోయింది, రేపల్లె నుంచి తెనాలికి పంపుతుంది. ఇంకేముంది... దిగడం ఎక్కడం, దిగడం ఎక్కడం! క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటివి ఇరవైసార్లు తిరిగి, ఇక మావల్ల కాదని చేతులెత్తేస్తాయి. సురక్షితమైన 'హెచ్‌టీటీపీఎస్'కి మారేటప్పుడు ఈ తిప్పలు ఎక్కువ. హోస్టింగ్ కంపెనీ ఒక నియమం పెడుతుంది, సైట్‌లో ఇంకొకటి ఉంటుంది. ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి.

శాశ్వతమా... తాత్కాలికమా?

దారి మార్చేటప్పుడు సర్వర్ ఒక అంకె కూడా చెబుతుంది. 301 అంటే 'శాశ్వతంగా మారాం' అని. 302 అంటే 'ప్రస్తుతానికి అక్కడున్నాం, మళ్లీ వస్తాం' అని. సంక్రాంతి పదిరోజులూ మొదటి పేజీ బదులు పండగ సరుకుల పేజీ చూపించాలనుకుంటే 302 వాడాలి. జిల్లా మారిందంటే 301.

ఈ రెండూ తారుమారైతే? 301ని బ్రౌజర్లు గుర్తుపెట్టుకుంటాయి. పండగ పేజీకి పొరపాటున 301 ఇచ్చారనుకోండి. ఉగాది వచ్చినా కొందరి ఫోన్లలో ఇంకా సంక్రాంతి అరిసెలే కనిపిస్తాయి. సర్వర్లో నియమం తీసేసినా వాళ్ల ఫోన్లో జ్ఞాపకం అంత త్వరగా పోదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కొత్త నియమాన్ని మొదట 302తో పెట్టి, అంతా సవ్యంగా ఉందనుకున్నాకే 301 చేస్తారు.

సరుకు అమ్మడం పూర్తిగా మానేస్తే 410 అనే అంకె ఉంది. 'ఇది ఇక రాదు' అని నిజాయతీగా చెప్పడమన్నమాట. కొందరు ఇలాంటి చిరునామాలన్నిట్నీ తీసుకెళ్లి మొదటి పేజీకి కలిపేస్తారు. జీడిపప్పు కోసం వచ్చినాయన్ని చేయి పట్టుకుని వీధి గుమ్మంలో నిలబెట్టడం లాంటిది. ఆయనకేం అర్థం కాదు. గూగుల్ కూడా దాన్ని 'లేని పేజీ' కిందే లెక్కేస్తుంది.

పాత దారి ఎన్నాళ్లు తెరిచి ఉంచాలి? దీనికి తెలుగువాళ్లందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. శాఖల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారాయి. అయినా పాత కోడ్లని వెంటనే ఆపలేదు. 2021 మార్చి నెలాఖరుదాకా వాటితోనూ డబ్బు చేరింది. ఒక ఏడాదిపాటు నడిచిన దారిమార్పు అది. వెబ్‌సైట్ల విషయంలోనూ వీలైనన్నాళ్లు, కనీసం ఏడాదైనా పాత దారి తెరిచే ఉంచమని గూగుల్ చెబుతుంది. పొట్లం మీద అచ్చయిన చిరునామా అయితే, ఆ పొట్లం ఎవరింట్లోనైనా ఉన్నన్నాళ్లూ ఉంచడమే న్యాయం. ఒక వరస నియమానికి అద్దె కట్టాలా, జీతం ఇవ్వాలా!

మసూరి మసూరే కదా అనుకుంటే...

నియమాలు రాయడంలో అసలు కష్టం నమూనా దగ్గరే. మళ్లీ బియ్యం దగ్గరికే వద్దాం. సాంబ మసూరిని జనం రకరకాలుగా రాస్తారు. ఇంగ్లిషు అక్షరాల్లో అయితే మరీను. అన్ని స్పెల్లింగులూ రాయలేక ఒకాయన 'మసూరి అన్న మాట ఎక్కడున్నా 5204 పేజీకి పంపు' అని రాసేశాడనుకుందాం. తెలివైన పనే అనిపిస్తుంది. కానీ సోనా మసూరి కూడా బాపట్లలో పుట్టిందే. దాని నంబరు బీపీటీ 3291. అది వేరే బియ్యం. 2008లో ఎండాకు తెగులుని తట్టుకునేలా తయారైన 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' మరొకటి. ఆ ఒక్క నియమంతో మూడు సరుకుల ఖాతాదారులూ ఒకే బస్తా ముందు నిలబడతారు. సోనా మసూరి అడిగితే సాంబ మసూరి వచ్చిందంటే మళ్లీ ఆ కొట్టు మొహం చూడరు.

అందుకే నమూనాకి మొదలూ చివరా కచ్చితంగా గీతలు గీయాలి. 'ఇక్కడ మొదలై ఇక్కడితో ముగిసేది మాత్రమే' అని చెప్పడానికి వేరే గుర్తులున్నాయి. వాటిని వాడకపోతే నియమం కనబడ్డ ప్రతిదాన్నీ లాగేసుకుంటుంది.

వరస కూడా ముఖ్యమే. నియమాల్ని సర్వర్ పైనుంచి కిందికి చదువుతుంది. 'గుంటూరులోవన్నీ బాపట్లకి' అనే పెద్ద నియమం పైన ఉండి, 'తెనాలివి మాత్రం గుంటూరులోనే ఉండాలి' అనేది కింద ఉంటే... రెండోదాని దాకా రాదు. తెనాలి మినపగుళ్లు కూడా బాపట్ల బండెక్కేస్తాయి! ఎప్పుడైనా ప్రత్యేకమైనవి పైన, అందరికీ వర్తించేవి కింద ఉండాలి. నిజంగా ఉన్న ఫైళ్లనీ, ఫొటోలనీ ముట్టుకోవద్దని కూడా ముందే చెప్పాలి. లేదంటే కొట్టు తెరుచుకుంటుంది కానీ సరుకుల బొమ్మలన్నీ మాయమవుతాయి.

డబ్బు దగ్గర జాగ్రత్త!

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవాల్సింది చెల్లింపుల చిరునామా. 2016లో యూపీఐ వచ్చాక చిన్న ఊళ్ల కొట్లకీ డబ్బు క్షణాల్లో చేరుతోంది. ఖాతాదారు డబ్బు కట్టగానే చెల్లింపుల సంస్థ సర్వర్ మన కొట్టుకి 'ఫలానా ఆర్డరుకి డబ్బు ముట్టింది' అని కబురు పంపుతుంది. ఆ కబురు వచ్చేది కూడా ఒక వెబ్ చిరునామాకే. సైట్ సర్దేటప్పుడు పొరపాటున దానికీ దారిమార్పు తగిలిందంటే కబురు మధ్యలో జారిపోవచ్చు. అవతలి సర్వర్ కొత్త దారికి రాకపోవచ్చు. వచ్చినా, 301, 302 దార్లలో బ్రౌజర్లు మామూలుగా లోపలి సమాచారాన్ని వదిలేసి ఉత్త చేతులతో వెళ్తాయి. ఖాతాలో డబ్బు కట్ అయింది, కొట్లో ఆర్డరు లేదు! పెళ్లి సరుకులకి డబ్బు కట్టినవాళ్లు ఫోన్ చేస్తే ఏం చెబుతారు?

సమాచారాన్ని పోగొట్టకుండా దారి మార్చడానికి 307, 308 అనే అంకెలున్నాయి. అయినా తెలిసినవాళ్లు చెప్పేది ఒక్కటే... డబ్బు వచ్చే దారిని అసలు కదపొద్దు. మిగతా నియమాలన్నిటికంటే పైన 'దీన్ని ముట్టుకోవద్దు' అని రాసిపెట్టుకోవాలి. తప్పనిసరై మార్చాల్సివస్తే, ముందు చెల్లింపుల సంస్థ దగ్గర కొత్త చిరునామా నమోదు చేయించి, రూపాయితో పరీక్షించి చూసుకోవాలి.

తెలుగులో పెడితే ఏమవుతుంది?

చిరునామాలు తెలుగులోనే పెట్టుకోవచ్చుగా? పెట్టుకోవచ్చు. బ్రౌజర్లో 'తెనాలి' అని ముచ్చటగానే కనిపిస్తుంది. కానీ దాన్ని కాపీ చేసి ఎవరికైనా పంపితే ఒక్కోసారి అర్థంకాని గుర్తుల తోరణంలా మారిపోతుంది. దీనికి లెక్క ఉంది. కంప్యూటర్ దృష్టిలో 'తెనాలి' అంటే ఆరు గుర్తులు... త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి. ఒక్కో తెలుగు గుర్తుకీ మూడు బైట్లు. చిరునామాలో పంపేటప్పుడు ఒక్కో బైటునీ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా రాస్తారు. అంటే ఆరు గుర్తుల తెనాలి 54 అక్షరాలవుతుంది. బాపట్ల కూడా 54. రేపల్లెలో ఒక గుర్తు ఎక్కువ కాబట్టి 63! ఇంగ్లిషు లిపిలో తెనాలికి ఆరు, మిగతా రెంటికీ ఏడేసి సరిపోతాయి. అందుకే తెలుగు దుకాణాలు చాలావరకూ చిరునామా ఇంగ్లిషు అక్షరాల్లో ఉంచి, పేజీ లోపల తెలుగు రాసుకుంటాయి.

ఒకే పేరుని పదిమంది పదిరకాలుగా రాస్తే ఏం చేయాలన్నది మాత్రం తెలుగువాళ్లకి కొత్త సమస్య కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో దీనికోసం 'దారిమార్పు' పేజీలు పెట్టుకున్నారు. ఒక పేరుకి ఉన్న వేరే రూపాలన్నీ అసలు పేజీకి చేరతాయి. పాఠకులు ఏ రూపంతో వెతికినా నష్టం లేదు. ఆన్‌లైన్ కొట్టుకీ అదే పద్ధతి. 'మినపగుళ్లు' అన్నా 'మినపగుండ్లు' అన్నా దారి ఒకచోటికే వెళ్లాలి. అసలు చిరునామా ఒక్కటే ఉండాలి.

పోయిన పేజీలెన్నో!

ఇదంతా చిన్న కొట్లకి మాత్రమే వచ్చిన కష్టమనుకుంటే పొరపాటు. అమెరికాలోని ప్యూ రిసెర్చ్ సెంటర్ 2024లో ఒక అధ్యయనం ప్రచురించింది. 2013లో నెట్‌లో ఉన్న పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి దొరక్కుండా పోయాయట. చాలాసార్లు సైట్ ఉంటుంది, పేజీ మాత్రం ఉండదు. పొడవాటి చిరునామాల్ని పొట్టిగా చేసిచ్చిన గూగుల్ వారి సేవ కూడా అంతే. 2018లో కొత్తవాళ్లకి ఇవ్వడం మొదట ఆపేశారు. ఎవరూ వాడని పాత పొట్టి లింకుల్ని 2025 ఆగస్టులో మూసేశారు. వేరేవాళ్ల పొట్టి లింకుని పొట్లాల మీద అచ్చువేయించుకోవడంలో ఉన్న ఇబ్బంది ఇదే. ఆ దారి తాళంచెవి మన దగ్గర ఉండదు. సొంత పేరుమీదున్న చిరునామానే క్యూఆర్ కోడ్‌లో పెట్టుకుంటే, లోపల ఎన్నిసార్లు సర్దుకున్నా ఒక్క నియమం మార్చుకుంటే చాలు.

వెబ్‌ని సృష్టించిన టిమ్ బెర్నర్స్ లీ 1998లోనే దీనిమీద ఓ వ్యాసం రాశాడు. చిరునామాలు వాటంతటవి మారవు, మనుషులే మారుస్తారన్నది ఆయన వాదన. మారడానికి అవకాశమున్న ఏ వివరాన్నీ అసలు చిరునామాలో పెట్టొద్దని సలహా. రచయిత పేరు, విభాగం, స్థితి... ఇలాంటివన్నీ ఎప్పుడో ఒకప్పుడు మారేవే. మన కొట్టుకి ఆ మాట అన్వయించుకుంటే, జిల్లా పేరు చిరునామాలో ఉండాల్సిన అవసరమే లేదు. 'రేపల్లె/ఎండురొయ్యలు' అని మొదట్నుంచీ ఉంటే 2022లో ఒక్క అక్షరం కూడా కదిలేది కాదు. జిల్లా పేరు పేజీ లోపల రాసుకుంటే సరి, ఎప్పుడు కావాలంటే అప్పుడు దిద్దుకోవచ్చు. ధర, సంవత్సరం, 'కొత్త', 'ఆఫర్' లాంటి మాటలూ అంతే.

సర్దే ముందు...

* పాత చిరునామాలన్నీ ఒక పట్టికలో రాసుకోవాలి. పక్కనే కొత్తవి. ఏ పాతదానికి ఏ కొత్తదో తేలకుండా సైట్ ముట్టుకోవద్దు.

* జనం ఎక్కువగా వచ్చే పేజీలు ఏవో సర్వర్ చిట్టా చెబుతుంది. ముందు వాటి సంగతి చూడాలి.

* నియమాల ఫైలుకి నకలు తీసి దాచుకోవాలి. అపాచీలో ఆ ఫైల్లో ఒక్క తప్పు దొర్లినా కొట్టు మొత్తం మూతపడి 500 అనే అంకె కనిపిస్తుంది. నకలుంటే నిమిషంలో వెనక్కి రావచ్చు.

* సొంత సర్వర్ లేనివాళ్లు కంగారు పడక్కర్లేదు. వర్డ్‌ప్రెస్, షాపిఫై లాంటివాటిలో నియమాల భాష తెలియకపోయినా పాత, కొత్త చిరునామాలు నింపి దారి మార్చుకోవచ్చు.

* ముందు వరసలో చెల్లింపుల చిరునామాకి మినహాయింపు. తర్వాత ప్రత్యేక నియమాలు. చివర్లో సాధారణమైనవి.

* రద్దీ లేని వేళ, 302తో మొదలుపెట్టాలి. అంతా సరిగా ఉంటే 301.

* సొంత కంప్యూటర్లో చూసి సరిపెట్టుకోవద్దు. ఎప్పుడూ ఆ సైట్ తెరవని ఫోన్లో, పాత పొట్లం మీది క్యూఆర్ కోడ్‌తో చూడాలి.

* నెలరోజులపాటు 404ల చిట్టా చూస్తూ ఉండాలి. ఏ చిరునామా పదేపదే కనిపిస్తోందో, అక్కడికి ఎవరో ఆశగా వస్తున్నారని అర్థం.

దారి మార్చే నియమాలతో కొత్త ఖాతాదారులేం రారు. ఉన్నవాళ్లు పోకుండా ఉంటారు. పెద్ద పెద్ద సంస్థలకి పది పేజీలు పోయినా లెక్కలోకి రాదు. పదిమంది మాట మీద నడిచే ఇంటి వ్యాపారానికి ఒక్క లింకు పోయినా నష్టమే. ఎందుకంటే ఆ లింకుని పంపింది ప్రకటనల కంపెనీ కాదు, 'వీళ్ల దగ్గర బావుంటాయి, తెప్పించుకో' అని నమ్మకంగా చెప్పిన ఓ వదినో పిన్నో. అది పనిచేయకపోతే పోయేది కొట్టువాళ్ల బేరం ఒక్కటే కాదు, ఆవిడ మాట కూడా. ఆ మాట నిలబెట్టడానికి కావాల్సింది ఒక్క వరస!